తొర్ర ఉంటేనే రామచిలక

జనవరిలో ఓ పొద్దున ఏడింటికి హైదరాబాద్‌లోని ఏదైనా పాత తోటలో ఎండు కొమ్మ ఒకటి చూసుకుని, దాని కింద అరగంట కదలకుండా నిలబడితే రామచిలక సంసారం సగం అర్థమవుతుంది. కొమ్మకు ఓ పక్కన పిడికిలి దూరేంత గుండ్రటి రంధ్రం కనిపిస్తుంది. చుట్టూ బెరడంతా నల్లబడి ఉన్నా, ఆ రంధ్రం అంచు మాత్రం కొత్తగా చెక్కిన కర్రలా లేత రంగులో ఉంటుంది. కింద రాలిన ఆకుల మీద చెక్కపొట్టు. కాసేపటికి ఆ రంధ్రంలోంచి ఎర్రటి ముక్కు, దాని వెనకే పచ్చటి తల బయటికొస్తాయి. మెడకు పట్టీ లేదు. ఒక కంటితో ఇటు, తల తిప్పి ఇంకో కంటితో అటు చూసి మళ్ళీ లోపలికి జారిపోతుంది.

మగచిలక దూరం నుంచి అరుచుకుంటూ వస్తుంది. చెట్టు దగ్గరికి రాగానే గొంతు మూసేస్తుంది. తిన్నగా తొర్ర మీద వాలదు. పైకొమ్మ మీద కూర్చుని, నాలుగు దిక్కులూ చూసుకుని, అప్పుడు దిగుతుంది. ఆడది బయటికొచ్చి పక్కన చేరుతుంది. మగది రెండు మూడు సార్లు తల కిందికీ పైకీ ఊపి, గొంతు సంచిలో తెచ్చిన గింజల ముద్దను కక్కి ఆడదాని ముక్కులో పెడుతుంది. రెండు నిమిషాల పని. ఆడది మళ్ళీ తొర్రలోకి, మగది మళ్ళీ మేతకి.

నగరవాసికి చిలకలంటే సాయంత్రం కీచుమంటూ మేడల మీదుగా బాణాల్లా దూసుకుపోయే గుంపు. అది చూసి ‘చిలకలకేం, బోలెడున్నాయి’ అనుకుంటాం. ఆ గుంపు ఎక్కడ మేస్తోంది, ఏం తింటోంది అన్నవి చిన్న ప్రశ్నలు. ఈ పక్షి వంశం ముందుకు సాగుతుందా లేదా అన్నది తేల్చేది తిండి కంటే ఎక్కువగా తొర్ర. ముక్కు తయారైన తీరు, గుడ్లు పెట్టే కాలం, గోరింకతోనూ పాలపిట్టతోనూ దానికున్న తగాదా, పంజరంలోకి అది చేరే దారి, అన్నీ ఆ పిడికిలంత రంధ్రం చుట్టూనే తిరుగుతాయి.

ముందు పక్షి సంగతి. శాస్త్రజ్ఞుల లెక్కలో దీని పేరు సిట్టాకులా క్రామెరీ. స్కోపోలి అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1769లో పెట్టిన పేరు ఇది. ముక్కు నుంచి తోక చివరిదాకా సుమారు 40 సెంటీమీటర్లు, అందులో సగానికి పైగా తోకే. బరువు నూట ఇరవై గ్రాములకు కాస్త అటూ ఇటూ, అంటే ఓ మోస్తరు జామకాయంత. మగదానికి గడ్డం కింద నల్లటి చార మొదలై మెడ చుట్టూ తిరుగుతుంది, వెనక వైపు దానికి గులాబీ రంగు పట్టీ తోడవుతుంది. ఆ పట్టీ పూర్తిగా రావడానికి దాదాపు మూడేళ్ళు పడుతుంది. అందుకే పట్టీ లేని చిలకంతా ఆడదని అనుకోకూడదు, కుర్ర మగది కూడా కావచ్చు. తొర్రలో కూర్చుని మేత పెట్టించుకుంటుంటే మాత్రం అనుమానం అక్కర్లేదు.

ప్రపంచంలోని చిలక జాతులన్నిటిలోకీ సహజంగా ఎక్కువ మేర విస్తరించినది ఇదే. ఆఫ్రికాలో సహారా ఎడారికి దిగువన పడమర నుంచి తూర్పు దాకా ఓ పట్టీలాగా రెండు ఉపజాతులు, భారత ఉపఖండంలో రెండు ఉపజాతులు. హైదరాబాద్‌లో కనిపించేది దక్షిణాది ఉపజాతి. ఇక్కడి చిలకల్లో దీనికి ఇద్దరు చుట్టాలున్నారు. ఒకటి భుజం మీద ఎర్రమచ్చతో, ఇంకా పెద్ద ముక్కుతో ఉండే పెద్దచిలక. రెండోది మగదాని తల రేగుపండు రంగులో మెరిసే చిన్నచిలక. చెట్లు దట్టంగా ఉన్న శివార్లలో తప్ప ఆ చిన్నది అంతగా కంటపడదు. నగరం నడిబొడ్డున, ఉస్మానియా ప్రాంగణంలో, పబ్లిక్ గార్డెన్స్‌లో, కేబీఆర్ పార్కులో రోజూ వినిపించే గొంతు మాత్రం రామచిలకదే.

చిలకపచ్చ అని మనం ఓ రంగుకే పేరు పెట్టుకున్నాం. నిజానికి ఆ ఈకలో పచ్చ రంగు పదార్థమంటూ ఏదీ లేదు. ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం వెలుతురును చెదరగొట్టి నీలం పుట్టిస్తుంది. దాని మీద పసుపు రంగు పదార్థం పొరలా ఉంటుంది. నీలం, పసుపు కలిసి మన కంటికి పచ్చగా కనిపిస్తాయి. ఆ పసుపు పదార్థం చిలక జాతులకు తప్ప వేరే ఏ పక్షికీ లేదు. తిండిలోంచి తెచ్చుకునేది కాదు, చిలక ఒంట్లోనే తయారవుతుంది. పుట్టుకలో ఏదో తేడా వచ్చి ఆ పసుపు తయారవని చిలక నీలంగా పుడుతుంది. పెంపుడు చిలకల్లో అలాంటి నీలం రకాలను పనిగట్టుకుని వృద్ధి చేశారు.

ఇక ముక్కు. చాలా పక్షులకు పైముక్కు కొద్దిగా మాత్రమే కదులుతుంది. చిలకకు అది మడతబందు వేసినట్టు పైకీ కిందికీ బాగా కదులుతుంది. కాళ్ళకు రెండు వేళ్ళు ముందుకు, రెండు వెనక్కు. అందుకే కొమ్మను పట్టకారులా పట్టుకోగలదు, జామకాయను పిడికిట్లో పట్టుకుని తినగలదు. చెట్టెక్కేటప్పుడు ముక్కే మూడో కాలవుతుంది: ముక్కుతో కొమ్మను కరిచి పట్టుకుని, ఒళ్ళు పైకి లాగి, అప్పుడు కాళ్ళు మారుస్తుంది. జీవితాంతం పెరుగుతూనే ఉండే ఈ ముక్కు కొరకడం వల్లే అరిగి అదుపులో ఉంటుంది. అయితే ఇంత బలమైన ముక్కుకూ ఓ హద్దుంది. గట్టి చెట్టులో కొత్తగా తొర్ర తొలవడం చిలక వల్ల అయ్యే పని కాదు. ఉన్నదాన్ని పెద్దది చేసుకోగలదు, అంచు చెక్కుకోగలదు, పుచ్చిన చెక్కను గీకి లోతు పెంచుకోగలదు. మొదటి గంటు మాత్రం వేరే ఎవరో పెట్టాలి.

ఆ వేరే ఎవరో అంటే ముఖ్యంగా ఇద్దరు. ఒకరు వడ్రంగిపిట్ట. రెండోవారు ఎండాకాలం మధ్యాహ్నాలు ‘టుంక్ టుంక్’ మని రాగిచెంబు మీద సుత్తి దెబ్బలు వేస్తున్నట్టు కూసే కంసాలిపిట్ట. కంసాలిపిట్ట ఎండు కొమ్మకు అడుగువైపు చిన్న గుండ్రటి రంధ్రం తొలుస్తుంది. పిల్లలు ఎగిరిపోయాక దాన్ని వదిలేస్తుంది. కొన్నాళ్ళకు వాన నీరు, బూజు కలిసి లోపలి చెక్కను మెత్తబరుస్తాయి. అప్పుడొస్తుంది చిలక. అంటే చిలక కాపురం పెట్టే ఇంటికి ముందు ముసలిచెట్టు కావాలి, దానికో ఎండుకొమ్మ కావాలి, దాన్ని తొలిచే పిట్ట కావాలి, ఆపైన కొన్నేళ్ళు గడవాలి. ఇందులో ఒక్కటి తగ్గినా ఇల్లు లేదు. చెట్టు దొరకని చోట పాత గోడల సందులు, తలపోయిన తాటి మోడు కూడా పనికొస్తాయి. రాతి కోటల గోడల్లో సున్నం రాలిపోయి మిగిలిన బొర్రెల్లో చిలకలు దూరడం దక్కన్‌లో కొత్తేమీ కాదు.

లోపల పరుపేమీ ఉండదు. పుల్లలు, గడ్డి, ఈకలు ఏవీ తేదు. ఒట్టి చెక్కపొడి మీదే తెల్లగా గుండ్రంగా గుడ్లు పెడుతుంది, మామూలుగా నాలుగు, ఒక్కోసారి మూడు నుంచి ఆరు దాకా. తొర్ర చీకట్లో ఉండే గుడ్డుకు మచ్చలతో శత్రువును మభ్యపెట్టే పని లేదు కాబట్టి అవి తెల్లగా ఉన్నాయని పక్షి శాస్త్రం చెబుతుంది. ఆడది ఒక్కతే పొదుగుతుంది, దాదాపు మూడు వారాల పైచిలుకు. ఆ రోజులన్నీ దానికి తిండి మగది తెచ్చిపెట్టాల్సిందే. పిల్లలు కళ్ళు తెరవకుండా, ఒంటి మీద నూగు కూడా లేకుండా పుడతాయి. ఎగరడానికి ఇంకో ఆరేడు వారాలు. మొత్తం కలిపితే ఒక జంటకు ఒక తొర్ర కనీసం రెండున్నర నెలలు కావాలి, అదీ ఏ అలజడీ లేకుండా.

ఆ రెండున్నర నెలలు ఎప్పుడన్నది కూడా గమనించదగ్గది. చాలా పిట్టలు వేసవి చివర, వానల మొదట్లో గూళ్ళు కడతాయి, పురుగూ పుట్రా అప్పుడే దండిగా ఉంటాయి కాబట్టి. చిలక పురుగుల మీద ఆధారపడదు. దాని పిల్లలకు కావలసింది గింజా పండూ. చలికాలం పోతూ ఉండగా కంది కోతకొస్తుంది, యాసంగి జొన్న కంకి పాలు పోసుకుని గట్టిపడుతుంది, మోదుగ, బూరుగ పూస్తాయి, ఆ వెనకే సీమచింత కాయలు పగిలి తెల్లటి గుజ్జు చూపిస్తాయి. కాబట్టి దక్కన్‌లో చిలకలు చలికాలంలోనే తొర్రలు చూసుకుని, ఎండాకాలానికల్లా పిల్లల్ని బయటికి తెస్తాయి. వానలు పడేనాటికి తొర్ర ఖాళీ. వాన నీరు నిండే చెక్క గదిలో గుడ్లు పెట్టే అవసరమే రాదు.

మోదుగ పువ్వుకు సంస్కృతంలో కింశుకమని పేరు. ‘ఇదేమైనా చిలకా?’ అని అర్థం చెబుతారు. వంకర తిరిగిన ఎర్రటి రేకు అచ్చం చిలక ముక్కులాగే ఉంటుంది. ఫిబ్రవరిలో ఆకు లేని మోదుగ చెట్టు మీద చిలకలు వాలితే ఏది ముక్కో ఏది పువ్వో తెలియదు. తేనె కోసం అవి పువ్వు నోటికి ముక్కు పెట్టవు, పువ్వునే తుంచి, మొదలు నమిలి పారేస్తాయి. చెట్టు కింద ఎర్రటి పూలు కుప్పగా పడి ఉంటే పైన ఎవరున్నారో చూడకుండానే చెప్పొచ్చు.

ముందుగా కాపురం పెట్టే ఈ అలవాటే చిలకకు పెద్ద బలం. తొర్రలు కావలసిన వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు: గోరింక, పగటిపూట కూడా కళ్ళు మిటకరించి చూసే చిన్న గుడ్లగూబ, కూకుడుగువ్వ, పాలపిట్ట. ఇక్కడో విశేషం చెప్పుకోవాలి. పాలపిట్ట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే అట్టే పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. అలా రెండు తెలుగు రాష్ట్రాల పక్షులూ తొర్రల పక్షులే అయ్యాయి. రెండూ తాటి మోడు మీద కన్నేసేవే. పాలపిట్ట మార్చి తర్వాత గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటుంది. అప్పటికి ఆ మోడులో చిలక పిల్లలు ఉంటాయి. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక పాలపిట్టల సంఖ్య దేశంలో బాగా తగ్గిందని చెప్పింది. ఆ నేరం చిలక మీద మోపడానికి లేదు. పాలపిట్ట తిండి పురుగులు, దాని మేతస్థలం చెట్లు పలచగా ఉన్న బీడూ పొలమూ, వాటికి పట్టిన గతే దానికీ పట్టింది. అయినా తొర్రలు తగ్గినచోట ముందొచ్చినవాడికే ఇల్లు దొరుకుతుందన్నది రెండు పక్షులకూ వర్తించే సత్యం.

ఇదే బలం పరాయి దేశాల్లో చిలకకు చెడ్డపేరు తెచ్చింది. పెంచుకోవడానికి తీసుకెళ్ళిన చిలకలు తప్పించుకుని లండన్, బ్రస్సెల్స్ లాంటి యూరప్ నగరాల్లో వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. జన్యు పరిశీలన ప్రకారం వాటి పూర్వీకులు ఎక్కువగా పాకిస్తాన్, ఉత్తర భారతం నుంచి వెళ్ళినవి. మంచు పడే ఊళ్ళోనూ ఇవి అక్కడి పిట్టల కంటే ముందే తొర్రలు ఆక్రమిస్తాయి. బెల్జియంలో జరిగిన అధ్యయనం వీటివల్ల నట్‌హ్యాచ్ అనే చిన్న పిట్టకు తొర్రలు తక్కువగా దొరుకుతున్నాయని తేల్చింది. స్పెయిన్‌లోని సెవిల్ నగర పార్కులో ఇంకా తీవ్రం: తొర్రల్లో నిద్రపోయే అరుదైన పెద్ద గబ్బిలాల మీద చిలకలు దాడి చేసి వాటిని వెళ్ళగొట్టాయి, కొన్నిటిని చంపాయి. ఇక్కడ గోరింకతో, గుడ్లగూబతో వేల ఏళ్ళుగా పోటీపడి ఓడీ గెలిచీ నేర్చుకున్న విద్యను, ఆ పోటీ ఎరగని చోట ప్రదర్శించింది. పక్షి మారలేదు, ఇరుగుపొరుగు మారింది.

తిండి విషయంలో దానికి నగరంలో పెద్ద కొరత లేదు. రావి, మర్రి, జువ్వి, వేప, సీమచింత, జామ, ఆఖరికి ఇళ్ళ పైకప్పుల మీద దయగలవాళ్ళు వేలాడదీసే జొన్నకంకులు. చిలక కొట్టిన పండు తియ్యగా ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. పండు తియ్యదనం కంటే చిలకకు లోపలి గింజ మీదే ఎక్కువ మోజు. జామకాయ గుజ్జును చెక్కి పక్కకు ఊసేసి గింజల దాకా వెళ్ళడం దగ్గరుండి చూస్తే తెలుస్తుంది. చాలా పిట్టలు పండు తిని గింజను వేరేచోట విసర్జించి చెట్లకు సాయం చేస్తాయి. చిలక గింజనే నమిలేస్తుంది.

రైతుకు కోపం వచ్చేదీ ఇందుకే. శంషాబాద్ దాటినా, చేవెళ్ళ వైపు వెళ్ళినా మొక్కజొన్న, జొన్న, పొద్దుతిరుగుడు పొలాలకు చిలకల గుంపు అంటే భయం. కంకి మీద వాలి నాలుగు గింజలు తిని, పది రాల్చి, ఇంకో కంకి మీదికి పోతుంది. తిన్నదానికంటే పాడుచేసింది ఎక్కువ. ఒకప్పుడు పొలంలో మంచె వేసి, ఇంటిల్లిపాదీ వంతులవారీగా కూర్చుని, వడిసెలతో రాళ్ళు విసురుతూ డబ్బాలు వాయిస్తూ కాపలా కాసేవారు. ఇప్పుడు ఆ పనికి మనిషి దొరకడు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలకూ పక్షులకూ ఉన్న సంబంధం మీద చాలా ఏళ్ళుగా పరిశోధన జరుగుతోంది. చంపకుండా కాపాడుకునే ఉపాయాలు అలాంటి కృషిలోంచి వచ్చినవే: గాలికి మోగుతూ ఎండకు మెరిసే రిబ్బన్లు పొలానికి అడ్డంగా కట్టడం, మొక్కజొన్న కండెను అదే మొక్క ఆకుతో చుట్టి కనబడకుండా చేయడం. రెండోది చూడ్డానికి చాలా చిన్న పని. కానీ పొలం అంచు వరసలే ఎక్కువగా దెబ్బతింటాయి కాబట్టి, ఆ నాలుగు వరసలకు చేసినా తేడా కనిపిస్తుంది. రైతు నష్టాన్ని తక్కువ చేసి మాట్లాడే పక్షి ప్రేమికులు ఒకసారి కంకులు రాలిన ఆ గట్టు మీద నడిచి చూడాలి.

పంజరం సంగతికి వస్తే, మనసు కష్టపెట్టుకోకుండా రాయడం కుదరదు. చిలక ఎందుకు మాట్లాడుతుంది? అడవిలో అది గుంపు జీవి. తోటి చిలకల పిలుపులు విని నేర్చుకుని, తిరిగి పలికి, నేను మీదాన్నే అని చెప్పుకుంటుంది. పక్షుల్లో విని నేర్చుకునే శక్తి ఉన్న గుంపులు ముఖ్యంగా మూడు: పాటల పిట్టలు, తేనెపిట్టల్లాంటి అమెరికా హమ్మింగ్‌బర్డ్‌లు, చిలకలు. ఇంట్లో పెంచిన చిలకకు గుంపు లేదు, ఉన్నది మనుషులే. అందుకని మనుషుల గొంతు నేర్చుకుంటుంది. మనం ముద్దుగా చిలక పలుకులు అనుకునేది, ఒంటరి పక్షి తనకో గుంపు కావాలని చేసే ప్రయత్నం.

గోల్కొండ కోట చూడ్డానికి వెళ్ళినవాళ్ళకు రామదాసు చెరసాల చూపిస్తారు. పదిహేడో శతాబ్దంలో తానీషా కొలువులో పనిచేసిన కంచర్ల గోపన్న, భద్రాచలంలో గుడి కట్టించి, ఇక్కడ ఖైదు అనుభవించాడు. పన్నెండేళ్ళ చెర ఎందుకు పడింది అంటే జనం ఓ కథ చెబుతారు: పూర్వజన్మలో ఆయన ఓ చిలకను పన్నెండేళ్ళు పంజరంలో బంధించాడట, ఆ లెక్క ఈ జన్మలో తీరిందట. చరిత్ర కాదు, కథే. కానీ చిలకను బంధించడం పాపమన్న ఊహ ఈ నేల మీద చట్టం కంటే ముందే ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చట్టమూ ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. దేశీయ పక్షుల వ్యాపారం మీద 1990 ప్రాంతంలో పూర్తి నిషేధం వచ్చింది. దుకాణాల్లో లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మే చిన్న పక్షులు ఎక్కువగా ఆస్ట్రేలియా సంతతి, వాటి సంగతి వేరు. రామచిలక, పెద్దచిలక, రేగుపండు తల చిలక, ఇవి ఇంట్లో ఉండకూడదు. జోస్యం చెప్పే చిలక పెట్టెలో ఉన్నా అదే చట్టం వర్తిస్తుంది. అయినా చాలా ఇళ్ళ వసారాల్లో ఇప్పటికీ ఆ గుండ్రటి ఇనప పంజరం వేలాడుతూనే ఉంది, పెంచుతున్నవాళ్ళలో చాలామందికి అది నేరమన్న సంగతే తెలియదు.

ఆ చిలకపిల్ల ఎక్కడినుంచి వచ్చింది అన్నదే అసలు విషయం. ఎగిరే చిలకను పట్టడం కష్టం. తొర్రలో పిల్లను తీయడం తేలిక. ఏ తొర్రలో ఏ నెలలో పిల్లలుంటాయో పట్టేవాడికి బాగా తెలుసు. చెయ్యి దూరకపోతే రంధ్రాన్ని గొడ్డలితో పగలగొడతాడు, లేకపోతే కొమ్మనే నరికి దింపుతాడు. పిల్లలు పోవడం ఒక నష్టం. తొర్ర పోవడం అంతకంటే పెద్ద నష్టం, ఎందుకంటే అదే తొర్రలో మరుసటి ఏడూ, ఆపై ఏడూ ఏదో ఒక జంట కాపురం చేసేది. పెద్దచిలకకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. దానికి పెద్ద తొర్ర కావాలి, అలాంటివి ముందే తక్కువ. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ (ఐయూసీఎన్) జాబితాలో అది ముప్పుకు చేరువలో ఉన్న జాతుల్లో చేరిపోయింది. రామచిలక అలా లేదు, దానికి ప్రస్తుతం ముప్పు లేదనే ఆ జాబితా చెబుతుంది. ఇది దాచకుండా చెప్పాల్సిన నిజం.

అయితే ‘ముప్పు లేదు’ అన్న మాట ప్రపంచం మొత్తానికి. ఒక నగరంలో, ఒక పేటలో ఏం జరుగుతోందో అది చెప్పదు. గుంపును చూసి చెప్పడమూ కష్టమే. చిలక ఆయుష్షు ఎక్కువ, పెంపకంలో పాతికేళ్ళు బతికినవి ఉన్నాయి. అంత బతికే పక్షి గుంపులో నాలుగేళ్ళు ఒక్క పిల్ల పుట్టకపోయినా గుంపు అంతే పెద్దగా, అంతే గోలగా కనిపిస్తుంది. చూడాల్సింది మే, జూన్ నెలల్లో. అప్పుడు గుంపులో పొట్టి తోక, ఎరుపు ఇంకా ముదరని ముక్కు, నల్లటి కన్ను ఉన్నవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. పెద్దవాటికి కంటిపాప చుట్టూ లేత వలయం ఉంటుంది, పిల్లలకు అది ఉండదు. ఓ సాధారణ బైనాక్యులర్ ఉంటే స్కూలు పిల్లలైనా చేయగల లెక్క ఇది.

హైదరాబాద్‌లో తొర్రలకు ఏం జరుగుతోందో మాత్రం కళ్ళకు కట్టినట్టే ఉంది. చేవెళ్ళ దారిలో మర్రిచెట్లనే తీసుకోండి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డుకు రెండు పక్కలా దాదాపు తొమ్మిది వందల మర్రులు. వెడల్పు పనుల్లో వాటిని కొట్టేస్తారన్నప్పుడు జనం పోరాడారు, వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఆ పోరాటంలో నీడ గురించి, అందం గురించి చాలా మాట్లాడారు. చిలక లెక్కలో ఒక్కో ముసలి మర్రి ఇల్లూ అంగడీ రెండూ: పండ్లు పైన, తొర్రలు బోదెలో. చెట్టును వేళ్ళతో పెకలించి వేరేచోట నాటినప్పుడు దాని పెద్ద కొమ్మలన్నీ ముందే నరికేస్తారు. చెట్టు బతికినా తొర్రలు బతకవు. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో చెట్లు కూల్చడం మొదలై, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశంతో ఆగింది. ఎన్ని చెట్లు పోయాయన్న చర్చ ఎంతో జరిగింది. ఏ నెలలో పోయాయన్నది కూడా అడగాల్సిందే. మార్చి చివర అంటే చిలకలకు తొర్రల్లో పిల్లలుండే కాలం.

ఇంతకంటే నిశ్శబ్దంగా జరిగేది ఎండుకొమ్మల నరికివేత. తీగల మీద పడుతుందని, కారు మీద పడుతుందని కాలనీల్లో ఎండిన ప్రతి కొమ్మా వేసవిలోనే కొట్టేస్తారు. మనిషి తల మీద పడే కొమ్మను కొట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ పార్కు మూలన, కింద ఎవరూ నడవని చోట నిలబడ్డ మోడును కూడా ‘అందవిహీనం’ అని పీకేయడం వల్ల లాభమేమీ లేదు. కొత్తగా నాటిన మొక్కలు దీనికి బదులు కావు. 2015లో మొదలైన హరితహారంలో నాటిన వేప మొక్క ఇవాళ ఏపుగా ఉన్నా, కంసాలిపిట్ట తొలిచేంత ఎండుకొమ్మ దానికి రావాలంటే ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది.

జనవరికి ఇంకో అపాయం ఉంది, సంక్రాంతి పతంగులు. చిలక చెట్ల తలల ఎత్తున తిన్నగా, వేగంగా ఎగురుతుంది, అదే ఎత్తున మాంజా అడ్డంగా ఉంటుంది. సింథటిక్ మాంజాను హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, దొంగచాటున అమ్మకం ఆగలేదు. మగచిలక రెక్క తెగి పడితే ఎక్కడో తొర్రలో గుడ్ల మీద కూర్చున్న ఆడది మేత కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆకలికి తాళలేక బయటికొస్తే గుడ్లు చల్లబడతాయి. కింద పడిన ఒక్క పక్షినే మనం లెక్కపెడతాం.

తొర్రలు మనిషి ఇవ్వగలడా? ఇవ్వగలడు. మారిషస్ దీవిలో రామచిలకకు దగ్గరి చుట్టమైన ఓ పచ్చచిలక ఉంది. 1980ల్లో అవి పది పన్నెండుకు మించి మిగలలేదు. అక్కడివాళ్ళు పాడైన తొర్రలను బాగుచేశారు, చెట్లకు పెట్టెలు కట్టారు, బలహీనమైన పిల్లలను తీసి పెంచి వదిలారు. ఇప్పుడవి వందల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లో అంత శ్రమ అక్కర్లేదు. ముప్పావు అంగుళం చెక్కతో లోతుగా ఓ పెట్టె, ఏడు సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం, అడుగున గుప్పెడు రంపంపొట్టు, పిల్లులు ఎక్కలేని ఎత్తు, మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలని వైపు. నవంబరులోపు కట్టాలి, జనవరిలో కడితే ఆలస్యం. రంగు వేయకూడదు. లోపలివైపు నున్నగా చిత్రిక పట్టకూడదు, పిల్లలు గోళ్ళతో ఎక్కి బయటికి రావాలి కదా. మొదటి ఏడు ఎవరూ రాకపోతే తీసేయకూడదు.

చిలకలే వస్తాయన్న హామీ లేదు. గోరింక రావచ్చు, చిన్న గుడ్లగూబ రావచ్చు. ఒకే తొర్రలో ఏడాదిలో ఇద్దరు ముగ్గురు అద్దెకుంటారు. ఏప్రిల్‌లో చిలకపిల్ల మొదటిసారి రంధ్రం అంచున కూర్చుని, ఒకటి రెండు రోజులు లోపలికీ బయటికీ ఊగిసలాడి, తల్లిదండ్రుల కేకలకు ఎగిరిపోతుంది. ఆ తర్వాత వారం పది రోజులు తొర్ర ఖాళీగా, నిశ్శబ్దంగా ఉంటుంది. ఒక పొద్దున అదే రంధ్రం అంచుకు ఎండుగడ్డి పోచ ఒకటి, దానికి చుట్టుకున్న పాలిథిన్ ముక్క ఒకటి వేలాడుతూ కనిపిస్తాయి. గోరింక సామాను దింపుకుంటోందన్నమాట.